సున్నం వేస్తే సరిపోతుందా?

నీళ్లు పొదుపు చెయ్యాలని అందరం వ్యాసాలు రాస్తాం. కానీ మన స్నానాల గది పైపు పగిలి వారమైనా "మనకెందుకులే" అని దాటిపోతున్నాం.

నేను బకెట్ పెట్టి చూశాను. 15 లీటర్ల బకెట్ 10 నిమిషాల్లో నిండిపోయింది. ఇలాగే పోతే రోజుకు 2,160 లీటర్లు, అంటే 144 బకెట్లు!

చలి దేశాల్లో నీరు గడ్డకట్టి, సుమారు 9 శాతం ఉబ్బి పైపులు పగులుతాయి. 2021 ఫిబ్రవరిలో అమెరికాలోని టెక్సాస్‌లో ఎన్నో ఇళ్లు అలాగే తడిసిపోయాయి. మన దగ్గర మంచు కాదు, ఇనుప పైపుకి తుప్పు, ప్లాస్టిక్ పైపుకి ఎండ. కారణం ఏదైనా తడిసేది గోడే.

ఆ గోడకి అవతల 5వ తరగతి తమ్ముళ్లు పడుకుంటారు. వాళ్ల ట్రంకు పెట్టెలు తుప్పు పడుతున్నాయి, దుప్పట్లు బూజు వాసన కొడుతున్నాయి. స్విచ్ బోర్డు కూడా ఆ గోడకే ఉంది. తడి గోడకి కరెంటు పాకితే ఏం చేస్తాం?

కొందరు సున్నం వేస్తే చాలంటున్నారు. నేను ఒప్పుకోను. తడి మీద సున్నం నిలవదు, పెచ్చులూడిపోతుంది. ముందు గేటు వాల్వు కట్టెయ్యాలి. స్విచ్‌లు మనం ముట్టుకోకుండా సార్‌తో మెయిన్ ఆపించాలి. సామానంతా ఎండలో వెయ్యాలి. పైపు మార్చి, కిటికీలు తెరిచి, గోడ పూర్తిగా ఆరాకే సున్నం.

వార్డెన్ సార్‌కి మనవి: ప్లంబర్ వచ్చేదాకా తమ్ముళ్లని వేరే గదిలోకి మార్చండి. గది లీడర్లందరూ వాల్వు ఎక్కడుందో ఈ రోజే చూసి పెట్టుకోండి.

– 9వ తరగతి విద్యార్థి