మడమల పగుళ్ళు: నొప్పి లేకపోతేనే జాగ్రత్త!

కార్తీకం దాటి చలిగాలి మొదలైందంటే మా ఆసుపత్రి ఓ.పి.లో మడమల పగుళ్ళ మాట తరచు వినబడుతూ వుంటుంది. ప్రత్యేకించి దానికోసమే వచ్చేవాళ్ళు తక్కువ. దగ్గుకో, మోకాళ్ళ నొప్పులకో వచ్చి, మందుల చీటీ చేతికి తీసుకుని లేవబోతూ, "కాళ్ళు కూడా పగులుతున్నాయండీ, వేడి చేసిందేమో!" అంటారు.

ఇది వేడి చేయటం కాదు. మజ్జిగ, సబ్జా నీళ్ళు తాగితే తాగండి, తప్పులేదు. మడమలు మాత్రం వాటివల్ల అతుక్కోవు.

పగుళ్ళు ఎందుకు వస్తాయి?

మన ఒంట్లో చాలా చోట్ల చర్మం కింద జిడ్డును స్రవించే గ్రంథులు వుంటాయి. అరచేతుల్లోనూ, అరికాళ్ళలోనూ అవి బొత్తిగా వుండవు. చెమట గ్రంథులు మాత్రమే వుంటాయి. పైగా అక్కడి పైపొర ఒళ్ళంతటిలోకీ దళసరి. ఈ పైపొర చనిపోయిన కణాలతో ఏర్పడినది. అందులో తగినంత తడి వున్నంతకాలం అది సాగుతుంది. తడి ఆరిపోతే అట్టలాగా బిరుసెక్కుతుంది.

మనం నిలబడినప్పుడు మడమ కింద వుండే కొవ్వు మెత్త బరువుకు నలిగి పక్కలకు ఒత్తుకుంటుంది. మెత్తని చర్మమైతే దానితోబాటే సాగుతుంది. బిరుసెక్కిన చర్మం సాగలేక చీలుతుంది. ఎండిన చెరువు నెర్రెలు విచ్చటం మీరు చూసేవుంటారు, ఇదీ అంతే.

అందువల్లే గంటల తరబడి నిలబడి పాఠాలు చెప్పేవారికి, బట్టల కొట్లలో పనిచేసేవారికి, బరువు ఎక్కువ వున్నవారికి ఈ బాధ ఎక్కువ. వెనుక పట్టీ లేని చెప్పుల్లో మడమ పక్కలకు జారకుండా ఆపేదేమీ వుండదు. ఇక ఇల్లాళ్ళ సంగతి సరేసరి. గచ్చు మీద వట్టికాళ్ళతో నడక, రోజంతా సబ్బునీళ్ళలో పని. "ఎప్పుడూ నీళ్ళలోనే వుంటే చర్మం మెత్తబడాలి గదా?" అని అడుగుతారు. సబ్బు చర్మాన్ని కాపాడే జిడ్డును కడిగేస్తుంది. ఆ తర్వాత లోపలి తడి త్వరగా ఆరిపోతుంది. మరీ వేడి నీళ్ళు చేసే పనీ ఇదే.

ఏం చేయాలి?

ముందు తడి, వెంటనే జిడ్డు. ఈ రెండు మాటలు గుర్తుంచుకుంటే చికిత్సలో ముప్పాతిక భాగం తెలిసినట్లే.

రాత్రి పడుకోబోయే ముందు గోరువెచ్చని నీళ్ళలో పదిహేను నిమిషాలు పాదాలు వుంచండి. మెత్తబడిన దళసరి చర్మాన్ని కాళ్ళు రుద్దుకునే రాయితో నెమ్మదిగా రుద్దండి. అంతా ఒక్కరోజులో ఊడదీయాలని చూడకండి, వారానికి రెండు మూడు సార్లు రుద్దితే చాలు. తర్వాత తువ్వాలుతో అద్ది, ఆ చెమ్మ ఇంకా వుండగానే వాజలైను దట్టంగా పూసి, నూలు మేజోళ్ళు తొడుక్కుని పడుకోండి. ఉదయం పనిలోకి దిగేముందు మరోసారి పూయండి.

కొబ్బరినూనె, నువ్వులనూనె పనికిరావా అంటే, వస్తాయి. కాని పొడిగా వున్న మడమకు పూస్తే ఫలితం అంతంత మాత్రమే. నూనె మూత వంటిది, గిన్నెలో నీళ్ళు వున్నప్పుడే మూత పెట్టాలి. పసుపు రాసుకోవటం మన ఆచారం, రాసుకోండి. అయితే పసుపు ఒక్కటే చర్మంలో తడిని నిలపలేదు. దాని మీద వాజలైనో నూనో వుండవలసిందే.

రెండు వారాలకూ గుణం కనిపించకపోతే నూటికి 10 నుంచి 25 పాళ్ళు యూరియా కలిసిన క్రీము మందుల షాపుల్లో దొరుకుతుంది. యూరియా మన చర్మంలో సహజంగానే వుండే పదార్థం, నీటిని పట్టి వుంచుతుంది. అలాగని పొలానికి చల్లే యూరియాను ఇంట్లో కలుపుకోకండి! చర్మం మరీ దళసరిగా వుంటే నూటికి 6 పాళ్ళ సాలిసిలిక్ ఆసిడ్ ఆయింట్‌మెంటు డాక్టరు సలహాతో వాడవచ్చు. నెత్తురు వచ్చే పగులు మీద ఇవి మండుతాయి. అక్కడ ముందు వాజలైనుతో మాననిచ్చి, ఆ తర్వాతే వీటి జోలికి వెళ్ళండి.

బ్లేడుతో కోయటం, కాగే మైనం పోయటం, సున్నం పెట్టటం, కిరసనాయిలు రాయటం వద్దు. పగులులో మట్టి చేరితే ధనుర్వాతం క్రిములు ప్రవేశించవచ్చు. మీరు ఆ ఇంజక్షను చివరిసారి ఎప్పుడు తీసుకున్నారో డాక్టరుకు చెప్పండి.

అన్నీ చలి పగుళ్ళే కావు

వేళ్ళ సందుల్లో పాచి, దురద వుండి, మడమ మీద తెల్లగా పొట్టు రాలుతుంటే అది బూజు జాతి క్రిముల వల్ల కావచ్చు. మోచేతుల మీద, తల మీద కూడా పొలుసులు లేస్తుంటే సోరియాసిస్ కావచ్చు. ఒళ్ళంతా పొడిబారి, బరువు పెరిగి, మలబద్ధకం, నీరసం తోడైతే థైరాయిడ్ పరీక్ష అవసరం. వీటికి వాజలైను ఒక్కటే చాలదు.

నొప్పి లేని పగులు

అసలు చెప్పవలసిన సంగతి ఇది. పగులు నొప్పి పుడితే మీరు కాలు జాగ్రత్తగా వేస్తారు, మందు రాస్తారు. లోతుగా చీలివున్నా నొప్పి లేకపోతే "ఏం ఫరవాలేదు" అనుకుంటారు. ప్రమాదమంతా అక్కడే వుంది.

1946లో వెల్లూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చిన శస్త్రవైద్యుడు డాక్టర్ పాల్ బ్రాండ్ కుష్ఠురోగుల పాదాలను ఏళ్ళ తరబడి పరిశీలించాడు. ఆ పాదాలు వాటంతట అవే కుళ్ళిపోవటం లేదనీ, స్పర్శ పోయినందువల్ల దెబ్బ తగిలినా తెలియక నడుస్తూ వుండటమే పుండ్లకు ముఖ్య కారణమనీ చూపించాడు. కుష్ఠు నేడు బాగా తగ్గింది కాని పూర్తిగా పోలేదు. స్పర్శ లేని మచ్చ ఏదైనా ఒంటిమీద వుంటే చూపించుకోండి. ప్రభుత్వాసుపత్రుల్లో మందులు ఉచితం, పూర్తిగా నయమవుతుంది.

ఈనాడు ఎక్కువమంది పాదాల్లో స్పర్శను పోగొడుతున్నది మధుమేహం. భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం మన దేశంలో సుమారు 10 కోట్లమందికి షుగరు వుంది. అది ఏళ్ళ తరబడి అదుపులో లేకపోతే నరాలు మొద్దుబారతాయి, కాళ్ళకు రక్తప్రసారం తగ్గుతుంది, చెమట కూడా తగ్గి మడమలు మరింత ఎండుతాయి. పగులులో చీము చేరినా తెలియదు. తెలిసేసరికి వేలో, పాదమో తీసివేయవలసిన స్థితి రావచ్చు.

ఇంట్లోనే చేయదగిన ఒక పరీక్ష వుంది. షుగరు వున్నవారిని కళ్ళు మూసుకోమనండి. రెండు పాదాల్లోనూ బొటనవేలు, మధ్యవేలు, చిటికెనవేలు కొసలను ఒక్కొక్కటిగా, ఒకటి రెండు క్షణాలు వేలితో తేలికగా తాకండి. నొక్కకూడదు. ఈ ఆరు చోట్లలో రెండింట్లోనైనా తాకినట్లు తెలియకపోతే స్పర్శ తగ్గిందన్నమాట. వెంటనే డాక్టరును కలవండి.

ఇలాంటివారు పైన చెప్పిన చికిత్సను కొంత మార్చుకోవాలి. పాదాలు నానబెట్టవద్దు. కడుక్కునే నీళ్ళ వేడి కూడా మరొకరు చేయిపెట్టి చూడాలి. రాయితో రుద్దటం, ఆనెలకు వేసే పట్టీలు, సాలిసిలిక్ ఆసిడ్ పనికిరావు. వాజలైను మడమలకు పూయవచ్చు, వేళ్ళ సందుల్లో పూయకూడదు. ఇంట్లో కూడా చెప్పులు వేసుకోవాలి. మధ్యాహ్నపు ఎండలో గుడి బండల మీద వట్టికాళ్ళతో ప్రదక్షిణలు వద్దు, ఉదయమే చేసుకోండి. పగులు చుట్టూ ఎరుపు, వాపు, చీము, దుర్వాసన, నలుపు కనిపించినా, జ్వరం వచ్చినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ముఖాన్ని అద్దంలో రోజుకు నాలుగుసార్లు చూసుకుంటాం. పాదాల వంతుకు రాత్రి ఒక్కసారి చాలు. వంగలేని పెద్దవాళ్ళకు అద్దం కింద పెట్టి చూపించండి. కళ్ళు ఆననివారికైతే మీరే చూడండి. దీనికి పట్టేది రెండు నిమిషాలు.