నమ్మకం అడిగేవాళ్ళే ముందు లెక్క చెప్పాలి

అమెరికాలో నల్లజాతి మగవాళ్ళని ప్రోస్టేట్ కాన్సర్ పొట్టన పెట్టుకుంటోంది. ప్రోస్టేట్ అంటే మగవాళ్ళకి మూత్రాశయం కింద వుండే చిన్న గ్రంథి. అక్కడ నల్లవాళ్ళలో ప్రతి ఆరుగురిలో ఒకరికి జీవితకాలంలో ఈ జబ్బు బయటపడుతోంది. తెల్లవాళ్ళతో పోలిస్తే చావులు దాదాపు రెట్టింపు. మరి ఈ జబ్బుకి మందులు మనుషుల మీద వాడి చూసే పరీక్షల్లో, అంటే క్లినికల్ ట్రయల్స్‌లో, వున్నదెవరు? 2020లో అచ్చయిన ఒక పరిశీలన ప్రపంచవ్యాప్తంగా జరిగిన ప్రోస్టేట్ కాన్సర్ ట్రయల్స్‌ని లెక్కగట్టింది. జాతి వివరాలు చెప్పిన 59 ట్రయల్స్‌లో 96 శాతం పైగా తెల్లవాళ్ళే. జబ్బు ఎక్కువ ఒకరికి, మందు పరీక్ష ఇంకొకరికి!

ఎందుకిలా అంటే జవాబు సిద్ధంగా వుంటుంది: 'నల్లవాళ్ళు డాక్టర్లని నమ్మరండీ.'

ఎట్లా నమ్ముతారని మేమడుగుతున్నాం. అలబామా రాష్ట్రంలో టస్కెగీ అనే వూరుంది. 1932లో అమెరికా ప్రభుత్వ ఆరోగ్యశాఖే అక్కడ 600 మంది పేద నల్లవాళ్ళని పోగుచేసింది. వాళ్ళలో 399 మందికి సిఫిలిస్ వుంది. ఆ మాట వాళ్ళకి చెప్పలేదు. 'మీకు చెడు రక్తం' అన్నారు. భోజనం పెట్టారు, చస్తే పూడ్చే ఖర్చు మాదన్నారు. 1947 నాటికి పెన్సిలిన్ అందరికీ వాడే మందయింది. వీళ్ళకి మాత్రం ఇవ్వలేదు. జబ్బు మనిషిని ఎట్లా తింటుందో చూస్తూ కూర్చున్నారు. 1972లో పత్రికలు బయటపెట్టేదాకా, 40 ఏళ్ళు! అధ్యక్షుడు క్షమాపణ చెప్పింది 1997లో.

ఇంత జరిగినా నల్లవాళ్ళు ముఖం తిప్పుకున్నారా? లేదు. 2021లో అమెరికాలో కాన్సర్ రోగుల మీద జరిగిన పరిశోధనల లెక్కలన్నీ కలిపి చూశారు. ట్రయల్‌లో చేరతావా అని అడిగినప్పుడు తెల్లవాళ్ళతో సమానంగా నల్లవాళ్ళూ సరేనన్నారు. సగానికి పైగా ఒప్పుకున్నారు. అంటే అసలు రోగం ఎక్కడుంది? అడగకపోవటంలో వుంది. ట్రయల్స్ జరిగే పెద్దాసుపత్రి దూరం. పోతే ఆ రోజు కూలి పోతుంది. ఇన్సూరెన్స్ వుండదు. ఆఫ్రికా మూలాలున్న చాలామందికి పుట్టుకతోనే రక్తంలో తెల్లకణాలు తక్కువ. అది జబ్బు కాదు. కానీ తెల్లవాళ్ళ రక్తం చూసి గీసిన గీత కిందికి వస్తారని గుమ్మం దగ్గరే ఆపేస్తారు. తలుపు మూసి, 'రాలేదు' అని రాసుకుంటారు.

వైద్యం సమానంగా అందితే ఏమవుతుందో కూడా తేలింది. ముదిరిన ప్రోస్టేట్ కాన్సర్‌కి జరిగిన 9 ట్రయల్స్‌ని 2019లో కలిపి చూశారు. 8,820 మందిలో నల్లవాళ్ళు 500 మందే. కానీ ఒకే వైద్యం అందినచోట వాళ్ళు తెల్లవాళ్ళకంటే తక్కువ కాలం బతకలేదు. మాజీ సైనికుల కోసం ప్రభుత్వం నడిపే ఆసుపత్రుల లెక్కలు కూడా 2020లో ఇదేమాట చెప్పాయి. తేడా ఒంట్లో మాత్రమే వుందనే వాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

ఈ కథ మనకి కొత్తదా? 2009లో ఖమ్మం జిల్లాలో వేలమంది బాలికల మీద గర్భాశయ ముఖద్వార కాన్సర్ టీకా పరీక్ష జరిగింది. హాస్టళ్ళలో చదువుకునే ఆదివాసీ పిల్లలు వాళ్ళలో ఎందరో. 2010లో కేంద్రం ఆపించింది. విచారణలో చూసిన 9,543 అంగీకార పత్రాల్లో 2,763 మీద సంతకం హాస్టల్ వార్డెన్లది! 1,948 మీద వేలిముద్రలు. తప్పు టీకాది కాదు. తల్లిదండ్రుల్ని అడగకపోవటం తప్పు. అక్కడ చెప్పకుండా వాడుకున్నారు, ఇక్కడ అడక్కుండా వాడుకున్నారు.

అందుకని ట్రయల్స్‌కి దూరంగా వుండమని మేం చెప్పటంలేదు. దూరంగా వుంచటం కూడా అన్యాయమే. మన ఒంటికి ఏ మందు పనిచేస్తుందో తేలాలంటే మనమూ ఆ లెక్కలో వుండాలి. అమెరికాలో నల్లవాళ్ళు చర్చిల్లో, క్షౌరశాలల్లో కూర్చుని ఈ జబ్బు గురించి మాట్లాడుకుంటున్నారు. మనమూ వాడలో మాట్లాడుకోవాలి. కాగితం ముందు పెడితే అడగండి: ఈ మందు ఏమిటి? మధ్యలో మానెయ్యొచ్చా? ఏదన్నా అయితే ఖర్చు ఎవరిది? మన భాషలో చెప్పిందాకా వేలిముద్ర వెయ్యొద్దు.

నమ్మలేదని రోగిని నిందించటం చాలించాలి. నమ్మదగ్గవాళ్ళమని రుజువు చేసుకోవాల్సింది డాక్టర్లూ, కంపెనీలూ, ప్రభుత్వాలూ.