బోరు నీటి మచ్చలు

నల్లగొండ జిల్లా చిట్యాల దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి పక్కన కడిగించిన కార్లలో డ్యాష్‌బోర్డు మీద, డోర్ల లోపలి వైపు తెల్లటి మచ్చలు మిగిలిపోతుంటాయి. తడిగా ఉన్నంతసేపు మాయం, ఆరగానే మళ్లీ ప్రత్యక్షం. ప్లాస్టిక్ పాడైందనుకుని చాలామంది పాలిష్ మీద పాలిష్ రుద్దుతారు. అలాంటి మచ్చ కనిపిస్తే నేను ముందు అనుమానించేది తుడవడానికి వాడిన బోరు నీటినే. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడ్ గుర్తొస్తుంది గానీ, ఈ మచ్చలు ప్రధానంగా కాల్షియం, మెగ్నీషియం లవణాలవి. నీరు ఆవిరైపోతుంది, లవణం అక్కడే అంటుకుంటుంది. అది సబ్బుకు లొంగదు, పులుపుకు లొంగుతుంది. తెల్ల వెనిగర్‌లో అంతే నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డను ముంచి పిండి, మచ్చ మీద నిమిషంసేపు ఆనించండి. వేలికి గరుకుగా తగిలిన పొర కరిగి నున్నగా అవుతుంది. ముందు కనపడని మూలన పరీక్షించాకే ఈ పని. తోలు సీట్లకు, టచ్‌స్క్రీన్‌కు వెనిగర్ తగలనివ్వొద్దు. పీచుతో గీకడం, బాత్‌రూమ్ యాసిడ్ పూయడం కారుకు చేసే అన్యాయం. ఆ గీతలు ఇక పోవు. కార్లు కడిగే అన్నలకు నా విన్నపం ఒకటే: బయట బోరు నీళ్లే కొట్టండి, లోపల చివరిసారి తుడిచేటప్పుడు మాత్రం ఒక్క మగ్గు ఆర్‌ఓ నీళ్లు వాడండి.