ఐరన్ మాత్రలకు లొంగని రక్తహీనతకు జన్యు పరీక్ష ఉచితంగా చేయాలి

ఇంట్లో పెద్దాయన నాలుగు మెట్లెక్కితే ఆయాసపడతాడు. హిమోగ్లోబిన్ ఏడు. నెలల తరబడి ఐరన్ మాత్రలు మింగినా అది కదలదు. “వయసు కదా, బీట్‌రూట్ పెట్టండి” అంటారు. ఆనక రక్తం ఎక్కించడం మొదలవుతుంది.

ఇలాంటివారిలో కొందరికి ఉన్నది మైలోడిస్‌ప్లాసియా, అంటే ఎముక మజ్జలో పుట్టే ఒక రకం క్యాన్సర్. కొందరి మజ్జకు రంగు వేసి మైక్రోస్కోపులో చూస్తే, ఎర్రకణం కాబోయే కణాల్లో కేంద్రకం చుట్టూ నీలి చుక్కలు ఉంగరంలా కనిపిస్తాయి. ఆ చుక్కలన్నీ ఇనుమే! ఒంట్లో ఉన్న ఇనుమే అక్కరకు రాని మనిషికి మళ్లీ ఐరన్ మాత్రలు రాయడం ఏం వైద్యం? ఎక్కించే ఒక్కో యూనిట్ రక్తంతో ఇంకో 200–250 మిల్లీగ్రాముల ఇనుము చేరుతుంది. అది పేరుకుంటే గుండెకూ కాలేయానికీ చేటు.

ఈ జబ్బు మూలాన్ని జన్యువుల్లో వెతకాలి. జన్యువు నుంచి తీసిన ఆర్ఎన్ఏ నకలులో అక్కర్లేని ముక్కలు కత్తిరించి, మిగతావి అతికితేనే సరైన ప్రొటీన్ తయారవుతుంది. ఆర్ఎన్ఏను అంటిపెట్టుకుని ఆ పని చేయించే ప్రొటీన్లలో ఎస్ఎఫ్3బి1, ఎస్ఆర్ఎస్ఎఫ్2 ముఖ్యమైనవి. ఈ జబ్బులో వాటి జన్యువులే తరచుగా చెడుతున్నాయని 2011లో తేలింది. ఎస్ఎఫ్3బి1 మార్పు ఉంటే జబ్బు సాధారణంగా నెమ్మదిగా నడుస్తుంది. ఎస్ఆర్ఎస్ఎఫ్2లో 95వ అమైనో ఆమ్లం ఒక్కటి మారితే చాలు, అది ఆర్ఎన్ఏను పట్టే తీరే మారిపోతుంది, లుకేమియాగా ముదిరే ప్రమాదం పెరుగుతుంది. బయటికి రెండూ ఒకే రక్తహీనత! 2022 నుంచి జబ్బు తీవ్రతను లెక్కగట్టే పద్ధతిలో ఈ జన్యువులూ చేరాయి. ఉంగరాల రకానికి లస్పటర్‌సెప్ట్ అనే మందు 2020లో అమెరికాలో అనుమతి పొందింది. దాని ఖరీదు మీద పోరాటం వేరే చేయాలి.

మజ్జ పరీక్ష ఎలాగూ తప్పదు. జన్యు పరీక్షకు మాత్రం మామూలుగా తీసే ఊదా మూత ట్యూబులోని రక్తం కూడా పనికొస్తుంది. ఆదిలాబాద్ నుంచో శ్రీకాకుళం నుంచో రోగి కదలక్కర్లేదు, ట్యూబు కదిలితే చాలు.

కనుక రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలనూ అడుగుతున్నాం. అరవై దాటినవారిలో ఐరన్, బి12 లోపాలు లేవని తేలాక కూడా రక్తం పెరగకపోతే జిల్లా ఆసుపత్రిలోనే మజ్జ పరీక్ష చేయించండి. మైలోడిస్‌ప్లాసియా అని తేలితే జన్యు పరీక్ష ఖర్చు ఆరోగ్యశ్రీ, ఎన్టీఆర్ వైద్యసేవ భరించాలి. ఖరీదైన పరీక్షే, కాదనం. కానీ ఏళ్ల తరబడి ఎక్కించే రక్తం ఊరికే రావడం లేదు.

మనవరాలి సంబంధం చెడుతుందని జబ్బు దాచకండి. ఈ మార్పులు వయసుతో మజ్జలో వచ్చేవి, పిల్లలకు సంక్రమించవు. మీ పెద్దల పాత రక్తపరీక్ష కాగితాలు పట్టుకుని ఈ వారమే డాక్టర్ని అడగండి, మీ ఎమ్మెల్యేకు అర్జీ ఇవ్వండి.