పాదచారుల వంతెన

నదీతీరమందలి పట్టణమునకు వంతెన యొక యాభరణమని పలువురు తలంతురు. ఆభరణమగుట మంచిదే, కాని యది నడచువారి మేలునకై యేర్పడినదని మరువరాదు. రైళ్లకును బండ్లకును గట్టు వంతెనలకంటె కాలినడక వంతెనను గట్టుట సులభమని యెంచుట పొరపాటని మా యభిప్రాయము.

లండను నగరమున థేమ్సు నదిపై, సెయింటు పాలు దేవాలయమునకును ఆవలి యొడ్డునకును నడుమ, మిలీనియము వంతెన యను నుక్కు వంతెన కలదు. దాని పొడవు 325 మీటర్లు. దేవాలయ దర్శనమున కడ్డు రాకుండుటకై దాని యుక్కు త్రాళ్లను మిక్కిలి తక్కువ యెత్తున నమర్చిరి. చూపరుల కది కన్నుల పండువు. 2000 సంవత్సరము జూను 10వ తేదీన దానిని తెరవగానే జనులు వేలకొలది వచ్చిరి. అంతట వంతెన ప్రక్కల కూగ నారంభించెను. 12వ తేదీననే దానిని మూసివేసిరి.

కారణమేమి? వంతెన జనుల బరువును మోయజాలకపోలేదు. నడచునపుడు మనము ఒక యడుగున కుడికిని, మరుయడుగున నెడమకును ఒరగుచు నేలను ప్రక్కకు త్రోయుదుము. ఒక్కని త్రోపు అల్పము. కాని నేల కదలినపుడు నిలదొక్కుకొనుటకై యెల్లరును కాళ్లు ఎడముగా నుంచి నడతురు. అందువలన కదలిక మరింత హెచ్చును. నిపుణులు బరువును లెక్కించిరిగాని యీ నడక తీరును చాలినంతగా లెక్కింపరైరి. పిదప నూపు నణచు సాధనములను పెక్కింటిని అమర్చి, 2,000 మందిని నడిపించి పరీక్షించి, 2002 ఫిబ్రవరిలో మరల తెరచిరి.

ఆ మూసివేతను కొందరు పరిహసించిరి. మేము పరిహసింపము. గుజరాతు దేశమందలి మోర్బీలో మచ్ఛూ నదిపై నున్న వ్రేలాడు వంతెనను మరమ్మతు చేసి 2022 అక్టోబరు 26వ తేదీన తెరచిరి. 30వ తేదీ సాయంకాలమున నది జనసమ్మర్దముతో నుండగా తెగి కూలెను. 130 మందికి పైగా మరణించిరి. వారిలో బాలబాలికలు ననేకులు. లండనులో నవమానము పాలైనది నిర్మాతల పేరు మాత్రమే. మోర్బీలో పోయినవి ప్రాణములు.

కావున తీరమున వంతెన కట్టదలచు పట్టణములవారు దాని సొగసునకు ముందు మూడు విషయములు విచారింపవలయును. తెరచుటకు పూర్వము జనులను నడిపించి పరీక్షించితిమా? ఒకేసారి ఎందరిని పోనిచ్చుట క్షేమమో నిర్ణయించి, ఆ నిర్ణయమును తప్పక పాటించువారిని నియమించితిమా? అపాయ సూచన కానవచ్చిన దినమున, ఉత్సవము జరుగుచున్నను, మూసివేయుటకు సిద్ధముగ నున్నామా? విద్యార్థులారా, మీలో కొందరు రేపు ఇంజనీర్లును, పురపాలక సంఘ సభ్యులును కాగలరు. ఈ ప్రశ్నలను మీరప్పుడు మరువకుందురుగాక.