దీవి కౌలు ఎంతో చెప్పండి

మాల్దీవుల్లో బియ్యం, గోధుమపిండి, ఉల్లిపాయ, కోడిగుడ్డు దాదాపు అన్నీ ఓడెక్కి రావలసిందే. ట్యూనా చేపే అక్కడి ముఖ్యమైన ఇంటి సరుకు. 2024-25లో ఆ దేశానికి పంపేందుకు మన కేంద్రం అనుమతించిన కోడిగుడ్లే 42 కోట్లు దాటాయి. దిగుమతులకు డాలర్లు కావాలి, డాలర్లు తెచ్చేది పర్యాటకులు, వాళ్లు వచ్చేది దీవులను చూసి. సుమారు 1,200 దీవులు, 5 లక్షల పైచిలుకు జనం. ఆ దీవులే వాళ్ల మాగాణి మొత్తం.

ఆ మాగాణిని గుట్టుగా కౌలుకిస్తే ఏమవుతుందో 2014, 2015ల్లో తేలింది.

అప్పటి పర్యాటక మంత్రి అహ్మద్ అదీబ్. దేశానికి ప్రచారం చేసిపెట్టడానికి ఎం.ఎం.పి.ఆర్.సి. అనే ప్రభుత్వ సంస్థ ఉండేది. విదేశీ ప్రదర్శనల్లో స్టాళ్లు పెట్టుకోవలసిన ఆ సంస్థ చేతికి వేలం పాట లేకుండానే దీవులు, లగూన్లు, అంటే దీవులను ఆనుకున్న సముద్రపు మడుగులు, వచ్చాయి. అది వాటిని రిసార్టులు కట్టేవాళ్లకు మారుకౌలుకిచ్చింది. వాళ్లు డబ్బు కట్టారు. ఆ డబ్బు ఖజానాకు చేరకుండా ఎస్.ఓ.ఎఫ్. అనే ప్రైవేటు కంపెనీ ఖాతాకు మళ్లింది. 2016లో వచ్చిన ఆడిట్ నివేదిక ప్రకారం దారి తప్పిన సొమ్ము 7.9 కోట్ల డాలర్లు. నోట్ల సంచులు మోశామని అదీబ్ అనుచరులు చెబుతుండగా రహస్యంగా తీసిన దృశ్యాలను అల్ జజీరా అదే ఏడాది ప్రసారం చేసింది.

ఇదంతా ఎవరూ పసిగట్టలేదా అంటే, పసిగట్టారు. 2014 అక్టోబరులోనే ఆడిటర్ జనరల్ నియాజ్ ఇబ్రహీం మంత్రి మీద వేలెత్తి చూపుతూ నివేదిక ఇచ్చారు. ఆ వేడి చల్లారకముందే మజ్లిస్, అంటే వాళ్ల పార్లమెంటు, ఆడిట్ చట్టాన్ని సవరించింది. నియాజ్ కుర్చీ పోయింది. మన కాగ్‌ను తొలగించాలంటే సుప్రీంకోర్టు న్యాయమూర్తిని తొలగించినంత పని. అక్కడ ఒక్క సవరణతో సరిపోయింది. అదీబ్ మాత్రం మరుసటి ఏడాది ఉపాధ్యక్షుడయ్యారు.

చివరికి అదీబ్ నేరం ఒప్పుకున్నారు. 2020లో 20 ఏళ్ల శిక్ష పడింది. ఆయన్ని పైకి తెచ్చిన మాజీ అధ్యక్షుడు యమీన్‌కు రెండు కేసుల్లో శిక్షలు పడ్డాయి. ఒకటి 2021లో సుప్రీంకోర్టు కొట్టేసింది, రెండోది 2024లో హైకోర్టు పక్కనపెట్టి మళ్లీ విచారించమంది. అందుకే జైలు ఒక్కదాని మీదే ఆశ పెట్టుకుంటే లాభం లేదు. దొంగతనానికి దారే లేకుండా చేయాలి.

దొంగతనం పోగా మిగిలింది దుబారా. 2024 అక్టోబరులో అధ్యక్షుడు ముయిజ్జు పొదుపు పేరుతో 228 మంది రాజకీయ నియామకాలను రద్దు చేస్తున్నట్టు ప్రకటించారు. అందులో డిప్యూటీ మంత్రులే 43 మంది! మన ఒక మోస్తరు పట్టణమంత జనాభాకు ఇంతమంది మంత్రులు ఏం పని చేశారో ఆ దేవుడికే తెలియాలి.

ఆ ఏడాది ఆ దేశానికి 20 లక్షల మందికి పైగా పర్యాటకులు వచ్చారు. అయినా ఖజానాలో డాలర్లకు కటకట. అప్పు జాతీయోత్పత్తిని మించిపోయింది. ఆగస్టులో బ్యాంక్ ఆఫ్ మాల్దీవ్స్ తన కార్డులపై విదేశీ కొనుగోళ్లకు కళ్లెం వేసి, అదే రోజు వెనక్కి తగ్గింది. అధికారిక ధర డాలరుకు 15.42 రుఫియా. కానీ బిడ్డను వైద్యానికి తిరువనంతపురం తీసుకెళ్లే రాజధాని మాలేలోని తండ్రికి ఆ ధరకు కావలసినన్ని డాలర్లు దొరకవు, చీకటి బజారులో ఎక్కువ పోసి కొనుక్కోవాలి. మంత్రి అనుచరులు సంచుల్లో మోసిన డాలర్లూ ఇవే అని ఆ తండ్రికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

2024 చివర్లో ఒక మంచి పని జరిగింది. పర్యాటక సంస్థలు తమ విదేశీ మారక ఆదాయంలో కొంత భాగాన్ని స్థానిక బ్యాంకుల్లో మార్చితీరాలని చట్టం చేశారు. కానీ వచ్చిన డాలరుకు కాపలా లేకపోతే అది చిల్లుకుండలో నీళ్లు పోయడమే. కాబట్టి ముందు చేయాల్సినవి మూడు. వేలం లేనిదే ఏ దీవినీ, లగూన్‌నూ కౌలుకివ్వకూడదు. అధ్యక్షుడు తలుచుకున్నా సరే, మినహాయింపు ఉండరాదు. ఒప్పందం, గడువు, కట్టిన సొమ్ము దీవి పేరుతో సహా బహిరంగంగా పెట్టాలి. ఇక ఆడిటర్ జనరల్‌ను మామూలు చట్ట సవరణతో కదిలించలేని రక్షణ రాజ్యాంగంలోనే ఉండాలి.

ఇందులో మనకూ వాటా ఉంది. 2024 అక్టోబరులో మన రిజర్వు బ్యాంకు 40 కోట్ల డాలర్లు, 3,000 కోట్ల రూపాయల మేర కరెన్సీ మార్పిడి సదుపాయం ఇచ్చి ఆ దేశాన్ని ఒడ్డున పడేసింది. ఈసారి చెయ్యి అందించేటప్పుడు దీవుల కౌలు జాబితా ఏదని ఢిల్లీ అడగాలి. స్నేహితుడు అడిగే ప్రశ్నే అది.

హనీమూన్‌కు మాలే టికెట్టు కొనే హైదరాబాదు జంటకు రిసార్టు గది అద్దె రాత్రికెంతో ఫోనులో క్షణంలో తెలిసిపోతుంది. ఆ రిసార్టు ఉన్న దీవి కౌలు ఏడాదికెంతో మాలే వీధిలో చేపలమ్ముకునేవాడికి కూడా అంతే తేలిగ్గా తెలిసేలా మజ్లిస్ చట్టం చేయాలి.