గాలి మార్పుతో బలం గోరంత.. ధూళి కొండంత!

అనంతపురం: ఇంజినుకు గాలి ఎంత ఎక్కువగా అందితే బలం అంతగా పెరుగుతుంది. ఇది కాదనలేని శాస్త్రం. ఈ సూత్రాన్ని పట్టుకునే కారులో కంపెనీ అమర్చిన గాలి ఫిల్టరు డబ్బాను తీసివేసి, దాని స్థానంలో శంకువు ఆకారపు ఫిల్టరును మూత లేకుండా బిగించే పద్ధతి పుట్టింది. డబ్బాకు రంధ్రాలు చేయడం, గొట్టాన్ని మార్చి పెద్దది వేయడం కూడా ఈ కోవలోనివే. ఇందుకు వేల రూపాయలు ఖర్చవుతాయి. శుభ్రమైన రోడ్లు, చల్లని వాతావరణం ఉన్న దేశాల్లో పేరు తెచ్చుకున్న ఈ మార్పు, వాన కన్నా ధూళి ఎక్కువగా కనిపించే అనంత పీఠభూమికి నప్పుతుందా అన్నది వాహన యజమానులు తేల్చుకోవలసిన విషయం. అప్పు చేసి కారో జీపో కొని, దానిమీదే కుటుంబాన్ని పోషించుకునే వారికి ఇది మరింత ముఖ్యం.

లీటరుకు పదివేల లీటర్లు

పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువు లెక్కన ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి కావాలి. లీటరు పెట్రోలు ముప్పావు కిలో తూగుతుంది. అంటే దానికి సుమారు 11 కిలోల గాలి అవసరం. అనంతపురం వేసవి వేడిలో అంత గాలి పరిమాణం దాదాపు పదివేల లీటర్లు. హిందూపురం నుంచి అనంతపురం వచ్చే కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చినా దారిలో ఏడు లీటర్ల పెట్రోలు తాగుతుంది. ఆ ఒక్క ప్రయాణంలోనే 70 వేల లీటర్ల గాలి ఫిల్టరు గుండా ఇంజినులోకి వెళుతుంది. ఆ గాలితోపాటు లోపలికి వెళ్లేది ఏమిటన్నదే అసలు సమస్య.

లాభం ఎంత?

ఫిల్టరు ఏదైనా గాలిని కొంత అడ్డగిస్తుంది. ఆ అడ్డు తగ్గితే బలం పెరగాలి. అయితే శుభ్రంగా ఉన్న కాగితపు ఫిల్టరు అడ్డగించే ఒత్తిడి వాతావరణ పీడనంలో సాధారణంగా ఒకటి రెండు శాతానికి మించదు. అదీ ఆక్సిలరేటరును పూర్తిగా తొక్కి, ఇంజినును గరిష్ఠ వేగంతో తిప్పినప్పుడే. కాబట్టి ఫిల్టరును పూర్తిగా తీసి పారేసినా నూరు హార్స్‌పవర్ ఇంజినుకు కలిసొచ్చేది ఒకటి రెండు హార్స్‌పవర్లే. ఊళ్లో, మామూలు వేగంలో నడిపేటప్పుడు ఆ తేడా కూడా ఉండదు. ఆ సమయంలో గాలిని అదుపు చేసేది ఫిల్టరు కాదు, డ్రైవరు కాలి కింద తెరుచుకునే థ్రాటిల్ రేకు.

మైలేజీ పెరుగుతుందన్న ప్రచారానికీ పట్టు లేదు. అమెరికాలోని ఓక్‌రిడ్జ్ జాతీయ ప్రయోగశాల 2009లో వెలువరించిన పరీక్షా ఫలితాలు ఈ విషయాన్ని తేటతెల్లం చేశాయి. కంప్యూటరుతో ఇంధనాన్ని చిమ్మే ఆధునిక కార్లలో ఫిల్టరు బాగా మూసుకుపోయినా మైలేజీలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. వేగం పుంజుకోవడం మాత్రం మందగించింది. లోపలికొచ్చే గాలిని బట్టి కంప్యూటరు ఇంధనాన్ని సరిచేసుకోవడమే ఇందుకు కారణం. పాత కార్బొరేటరు బండ్ల సంగతి వేరు. వాటిలో ఫిల్టరు మూసుకుపోతే పెట్రోలు వృథా అవుతుంది.

వేడితో ఎదురుదెబ్బ

గాలి వేడెక్కే కొద్దీ పలుచబడుతుంది. ప్రతి మూడు డిగ్రీల వేడికి దాదాపు ఒక శాతం చొప్పున అందులోని ప్రాణవాయువు తగ్గుతుంది. నేటి కార్లలో చాలావాటికి గాలి గొట్టం మూతి ముందు జాలీ పక్కనో, మడ్‌గార్డు లోపలో ఉంటుంది. బయటి గాలి నేరుగా అందాలన్నదే దాని ఉద్దేశం. డబ్బా తీసేసి బానెట్ కింద ఫిల్టరును తెరిచి పెడితే, అది రేడియేటరు, సైలెన్సరు గొట్టాల మీదుగా వచ్చే వేడి గాలిని పీలుస్తుంది.

అనంతపురంలో వేసవిలో ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలే. సప్తగిరి సర్కిల్ వద్ద ట్రాఫిక్‌లో నిలిచిన కారు బానెట్ కింద గాలి వేడి 60 డిగ్రీలకు చేరిందనుకుంటే, ఇంజినుకు అందే ప్రాణవాయువు ఆరు శాతం తగ్గినట్లే. ఒకటి రెండు శాతం లాభం కోసం చేయించిన మార్పు ఆరు శాతం నష్టం తెచ్చిపెట్టిందన్న మాట. జాతీయ రహదారిపై వేగంగా వెళ్లేటప్పుడు ఈ నష్టం తగ్గుతుంది. ఎండలో ఆగి ఆగి నడిచే బండికి మాత్రం తప్పదు.

అయినా మార్పు చేయించిన వారికి బలం పెరిగినట్లే తోస్తుంది. దీనికి కారణం శబ్దం. కంపెనీ డబ్బా గాలిని వడకట్టడంతోపాటు ఇంజిను గాలి పీల్చే చప్పుడును అణచివేస్తుంది. డబ్బా పోతే ఆ హోరు బయటపడుతుంది. చెవికి వినిపించిన బలం చక్రానికి చేరిందా లేదా అన్నది డైనమోమీటరుపై కొలిస్తే తప్ప తెలియదు.

ఎర్రమట్టితోనే ముప్పు

ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వర్షంతో దేశంలోనే అత్యల్ప వర్షపాతం గల ప్రాంతాల్లో ఒకటిగా అనంతపురం పేరుబడింది. నైరుతి రుతుపవనాల కాలంలో ఇక్కడ మబ్బుల కన్నా గాలులే ముందుంటాయి. రామగిరి కొండలపై గాలిమరలను తిప్పేదీ, దుక్కి దున్నిన వేరుశనగ చేలల్లో మట్టిని లేపేదీ ఆ గాలే. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో వేదవతి ఒడ్డున ఇసుక దిబ్బలు పొలాల మీదికి జరుగుతుంటాయి. తాడిపత్రి పరిసరాల్లో సున్నపురాయి, బండల దుమ్ము దీనికి తోడు.

ఇక్కడి ఎర్రనేలలు గ్రానైటు రాళ్లు శిథిలమై ఏర్పడినవి. వాటి ధూళిలో స్ఫటిక రేణువులు ఉంటాయి. అవి సిలిండరు ఇనుము కన్నా గట్టివి. మిల్లీమీటరులో నూరోవంతు ఉండే రేణువు కంటికి కనిపించదు. అయినా పిస్టన్ రింగులకు, సిలిండరు గోడకు మధ్య ఉండే పలుచటి ఆయిలు పొరలో ఇరుక్కుని ఆకురాయిలా పనిచేస్తుంది. రింగులు అరిగితే ఇంజిను ఆయిలు తింటుంది, నీలిరంగు పొగ వదులుతుంది, ఎత్తు ఎక్కలేక మొరాయిస్తుంది. చివరకు మెకానిక్ నోట వచ్చే మాట ఇంజిను బోరుకొచ్చిందనే. టర్బో అమర్చిన డీజిలు బండ్లలో ముప్పు ఇంకా ఎక్కువ. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే టర్బో రెక్కలను ధూళి నేరుగా తాకుతుంది.

కంపెనీ కాగితపు ఫిల్టర్లు ప్రయోగశాల పరీక్షల్లో సాధారణంగా 99 శాతానికి పైగా ధూళిని ఆపుతాయి. నూనె పూసిన నూలు జాలీ ఫిల్టర్లు గాలిని సులువుగా వదులుతాయి. ఆ సులువులో కొంత ధూళినీ వదిలివేస్తాయి. వాటికి నూనె ఎక్కువ పూస్తే అది గాలిని కొలిచే సెన్సారు తీగపై పేరుకుని, కంప్యూటరుకు తప్పుడు లెక్క అందుతుంది. డ్యాష్‌బోర్డుపై హెచ్చరిక దీపం వెలిగేది అప్పుడే.

ట్రాక్టరు చెప్పే పాఠం

ఈ నేల ధూళి గురించి రైతుకు ఎవరూ చెప్పనక్కరలేదు. పాత ట్రాక్టర్లకు గాలి గొట్టం బానెట్ పైకి నిలువుగా లేచి ఉంటుంది. నేలకు దగ్గరగా దుమ్ము దట్టంగా ఉంటుంది కనుకనే ఆ ఎత్తు. పైన గిన్నెలాంటి ప్రీక్లీనర్ గాలిని సుడి తిప్పి బరువైన మట్టిని పక్కకు నెడుతుంది. ఆపై గాలి ఆయిల్‌బాత్ మీదుగా సాగి, మిగిలిన ధూళిని నూనెలో వదులుతుంది. దుక్కుల కాలంలో ఆ గిన్నెలో పేరుకున్న బురదను చూసిన రైతు, కారుకు ఫిల్టరు డబ్బా తీసేయమని ఎవరికీ సలహా ఇవ్వడు. నాలుగు గుర్రాల బలం కన్నా నాలుగేళ్ల మన్నిక ముఖ్యమన్నది అతని అనుభవం.

కార్ల తయారీ ఇప్పుడు ఈ పీఠభూమి మీదే జరుగుతోంది. పెనుకొండ మండలం ఎర్రమంచిలోని కియా కర్మాగారం 2019లో ఉత్పత్తి మొదలుపెట్టింది. 2022 ఏప్రిల్ నుంచి ఆ ప్రాంతం శ్రీసత్యసాయి జిల్లాలో ఉంది. ఏ కంపెనీ కారుకైనా గాలి దారి, సెన్సార్లు, కంప్యూటరు లెక్కలు ఒకదానికొకటి కుదిర్చి తయారుచేస్తారు. 2020 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎస్-6 ప్రమాణాలతో ఆ లెక్కలు మరింత బిగిశాయి. ఒక్క గొట్టం మారిస్తే మిగతావి తప్పుతాయి.

చట్టం ఏమంటోంది?

తయారీదారు నిర్దేశించిన వివరాలకు విరుద్ధంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. కేరళకు చెందిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా సమర్థించింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఏ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేయించిన యజమానికి ఒక్కో మార్పుకు రూ.5 వేల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చు. కంపెనీ డబ్బాలోనే అదే కొలతల ఫిల్టరును మార్చుకోవడం మరమ్మతు కిందికే వస్తుంది. డబ్బాను, గొట్టాన్ని మార్చడం అలా చెల్లకపోవచ్చు. ఆ మార్పు వల్ల ఇంజిను చెడిందని తేలితే వారంటీ కూడా దక్కదు.

చేయదగినవి ఇవి

బలం తగ్గిందనిపిస్తే ముందుగా చూడవలసింది ఫిల్టరు మూసుకుపోయిందా అని. ధూళి ప్రాంతాల్లో ఫిల్టరును తొందరగా మార్చాలని కార్ల కంపెనీల పుస్తకాల్లో విడిగా రాసి ఉంటుంది. అనంత పల్లెదారుల్లో తిరిగే బండ్లన్నిటికీ ఆ గడువే వర్తిస్తుంది. పంక్చరు దుకాణంలో గాలి గొట్టం పెట్టి ఫిల్టరును ఊదించడం మంచిది కాదు. ఆ ఒత్తిడికి కాగితం చిరిగితే ధూళికి దారి దొరికినట్లే. అవసరం లేకుండా మాటిమాటికీ డబ్బా తెరవడమూ తగదు. పలుచగా ధూళి పట్టిన ఫిల్టరు కొత్తదాని కన్నా బాగా వడకడుతుంది. మార్చిన ప్రతిసారీ డబ్బా క్లిప్పులు, రబ్బరు అంచు సరిగా కూర్చున్నాయో లేదో, గొట్టానికి పగుళ్లు ఉన్నాయో లేదో చూడాలి. ఎంత మంచి ఫిల్టరు ఉన్నా, దాని తరువాత ఒక్క సందు ఉంటే అంతా వృథాయే.

కొత్త ఫిల్టరు ఖరీదు కొన్ని వందలు. ఇంజిను విప్పితే ఖర్చు పదుల వేలల్లోకి వెళుతుంది, బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ కిరాయి ఉండదు. నెల తిరిగేసరికి ఫైనాన్సు వాయిదా మాత్రం వచ్చి నిలుచుంటుంది. వానలు మొహం చాటేసిన ఏడాది బండి కిరాయే దిక్కయ్యే కుటుంబాలు ఉన్న ఈ గడ్డపై, గాలి దారిలో చేయి పెట్టే ముందు ఈ లెక్క వేసుకోవడం ఎంతైనా అవసరం.